సాకో, వాంజెట్టీ కేసు: ఒక ఆడియో పుస్తకంపై సమీక్ష
1920 ఏప్రిల్ 15న మసాచుసెట్స్‌లోని సౌత్ బ్రెయిన్‌ట్రీలో ఇద్దరిని కాల్చి చంపి జీతాల సొమ్ము దోచుకున్న కేసులో, ఇటలీ నుంచి వలస వచ్చిన అరాచకవాదులు (ప్రభుత్వమే వద్దనే రాజకీయ సిద్ధాంతాన్ని నమ్మేవారు) సాకో, వాంజెట్టీలకు మరణశిక్ష ఎలా పడిందో ఈ ఆడియో పుస్తకం ఓపికగా వినిపిస్తుంది. ఘటనాస్థలంలో దొరికిన టోపీని కోర్టులో సాకో తలకు పెట్టించి చూడడం, అది బిగుతుగా ఉందని అతను చెప్పడం నేను రెండుసార్లు విన్నాను. న్యాయమూర్తి వెబ్‌స్టర్ థాయర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చదివే గొంతే వ్యంగ్యంగా మారడం నచ్చలేదు (ఆయన పక్షపాతానికి ఆధారాలు ఎలాగూ ఉన్నాయి). హత్యకు వాడిన తూటా సాకో పిస్తోలుదేనన్న వైపే 1961 నాటి పరీక్షలు మొగ్గాయన్న సంగతిని ఒక్క వాక్యంలో దాటేయడం అంతకన్నా పెద్ద లోపం. 1977లో మసాచుసెట్స్ గవర్నర్ డుకాకిస్ విచారణ న్యాయంగా జరగలేదన్నారే తప్ప వారిని నిర్దోషులనలేదన్న తేడాను మాత్రం శ్రద్ధగా విడమర్చారు.