మా కొట్టు ముందు ఆగే పుస్తకాల బండి: ఐదుకు మూడున్నర

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాది చిన్న ఊరు. వారానికోసారి ఒక స్వచ్ఛంద సంస్థ వారి సంచార గ్రంథాలయం సరిగ్గా మా కిరాణా కొట్టు ముందు, రావిచెట్టు నీడన ఆగుతుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నా కంటపడనిది ఉండదు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బండిని ఆలోచించే కట్టారు. అరలన్నీ కాస్త వెనక్కి వాలి ఉంటాయి. మా రోడ్ల గోతులకు నిటారు అరలైతే పుస్తకాలు దారిలోనే నేల పాలయ్యేవి. పిల్లల పుస్తకాలు కింది వరసలో, పోటీ పరీక్షలవి పైన. కప్పు మీద సోలార్ పలకలున్నాయి కాబట్టి జనరేటర్ రొద లేదు.

అయితే జనం ఎక్కువగా వచ్చేది పుస్తకాల కోసం కాదు, తలుపు పక్కన వేసిన బల్ల కోసం. అక్కడ ఒక అమ్మాయి ల్యాప్‌టాప్, ప్రింటర్ పెట్టుకుని కూర్చుంటుంది. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది కదా. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్. ఇక్కడ చదువు రాని వాళ్లకు కూడా ఆ మాట నోరు తిరుగుతుంది. మొన్న ఒక ముసలాయన మడతలు నలిగిన రక్తపరీక్ష చీటీలు తెచ్చి, ‘ఏం రాశారో చదివి పెట్టమ్మా’ అన్నాడు. ఆ పిల్ల మందుల జోలికి పోలేదు. పాత అంకె, కొత్త అంకె, వాటి తేదీలు ఒక కాగితం మీద పక్కపక్కనే పెద్ద అక్షరాలతో రాసి, ‘తాతా, డాక్టరు గారికి ముందు ఇది చూపించు’ అంది. పింఛను దరఖాస్తులూ ఇంతే ఓపికగా నింపుతుంది.

గ్రంథాలయానికి ఈ పనులెందుకని మా ఊరి పెద్దలు కొందరు సణుగుతారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పింది, జనం గ్రంథాలయం దాకా రాలేరనే కదా! చేతిలో ఉన్న కాగితాన్ని చదువుకోలేని మనిషి దగ్గరికి వెళ్లడం కూడా ఆ పనే. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నవాణ్ణి కనుక, ప్రభుత్వ గ్రంథాలయాలు కూడా ఇలాంటి బండ్లు వేస్తే బాగుండునని నాకుంది.

ఇక మార్కులు ఎక్కడ తగ్గించానంటే, బండికి ఉన్నది ఒకటే తలుపు. దరఖాస్తుల వరస దానికి అడ్డంగా నిలబడుతుంది. బడి వదిలాక వచ్చే పిల్లలు పెద్దవాళ్ల కాళ్ల సందుల్లోంచి లోపలికి తొంగిచూసి వెళ్లిపోతున్నారు. అవతలి పక్క ఒక కిటికీ కోసి కాగితాల పని అటు మార్చితే ఎవరి దారి వాళ్లకుంటుంది. మెట్టు కూడా మరీ ఎత్తు. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కలేక ఆడవాళ్లు నా కొట్టులోని ఖాళీ సోడా పెట్టె అడుగుతారు. ఇస్తున్నాను, దానికి అద్దె ఏమీ రాదు.

ఇంకొక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయి, ఫోన్లు చచ్చిపోయి, పక్క ఊరి కబురు కూడా తెలియలేదు. సోలార్ ఉన్న ఈ బండిలో పెద్ద బ్యాటరీ, పది ఫోన్లకు సరిపడే ఛార్జింగ్ పలక ఒకటి పెడితే తుపాను రోజుల్లో ఊరికి ఆసరా అవుతుంది. డ్రైవరుకు చెప్పాను, పై వాళ్లకు చెబుతానన్నాడు.

సభ్యత్వం ఉచితం. పుస్తకాలు కావాలంటే బండి ఆగీ ఆగగానే వెళ్లండి, కాసేపటికి వరస పెరుగుతుంది. దరఖాస్తు పని ఉంటే ఆధార్ జిరాక్సు ముందే తీయించుకుని రండి. మధ్యాహ్నం ఎండకు ఆ ప్రింటర్ మొరాయిస్తుంది.