విశాఖ దీపాల కోసం రాయగడ నుంచి మూడు రాత్రులు

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడిశాలోని మా రాయగడలో నాగావళి ఒడ్డున చోటు దొరకదు. మనవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతుంటే, పక్కనే ఒడియావాళ్లు బొయిత బందాణ అంటూ రంగు కాగితాల పడవలు వదులుతుంటారు. కాసేపటికి ఏది ఎవరి దీపమో తెలీదు, అన్నీ కలిసి పోతుంటాయి. మొన్న అమ్మ తన దొప్పని తోసి, అది వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా మోకాల్లోతు నీళ్లలో నిలబడిపోయింది. "ఇలాగ బోల్డన్ని దీపాలు ఒక్కపాలి సూసి ఎన్నాళ్లయిందిరా! మీ నాన్నున్నప్పుడు విశాపట్నంలో కొండెక్కి సూసినాం" అంది. పెళ్లయిన కొత్తలో మాట అది. నాకు కొట్టుకి మూడు రోజులు తాళం వేసే సాకు కావాలి, అది దొరికింది. ఆ మధ్యాహ్నమే నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే మావాడు, అమ్మ బండెక్కేశాం.

జిమిడిపేట దాటితే ఆంధ్రా. బండిలో మాట మాత్రం రాయగడలో ఎక్కిన దగ్గర్నుంచీ తెలుగే, పల్లీలమ్మేవాడితో సహా. బొబ్బిలి వచ్చేసరికి అమ్మ పుట్టింటి కబుర్లు మొదలయ్యాయి, విజయనగరం దాకా ఆగలేదు.

ముందు బస గురించి చెప్పాలి, మోసపోయింది అక్కడే కాబట్టి. బీచ్ రోడ్డు వెనక వీధిలో ఒక లాడ్జీలో 'సీ వ్యూ' గది ఫోన్లోనే బుక్ చేశాను, రాత్రికి 2,800. కర్టెను లాగితే ఎదురుగా పక్కమేడ మీది నల్లటి నీళ్ల ట్యాంకు. ట్యాంకుకీ గోడకీ మధ్య జానెడు సందులో నిజంగానే సముద్రం ఉంది. కిందికి దిగి అడిగితే కౌంటర్లో కుర్రాడు "సముద్రం కనిపిస్తోంది కదండీ" అన్నాడు. "కనిపిస్తోంది బాబూ, ట్యాంకు కాస్త పక్కకి జరిగితే" అన్నాను. గది మార్చలేదు. వేడినీళ్లు, పక్కబట్టలు బాగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. మర్నాడు ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ దగ్గరికి మారిపోయాం. సగం డబ్బుకే పెద్ద గది, కిందే టిఫిన్లు, ఎటు వెళ్లాలన్నా బస్సు. రాత్రి చూడ్డానికి ఎలాగూ బయటికే పోతాం, పడుకోడానికి సముద్రం ఎందుకు? తప్పదనుకుంటే ఏ అంతస్తు, కిటికీ ఏ దిక్కు అని అడిగి, ఆ గది ఫొటోయే పంపమనండి.

ఆ మొదటి రాత్రి రామకృష్ణా బీచ్. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర జనం, విమానం మ్యూజియం దగ్గర జనం, మురీ (మరమరాల) మిక్చర్ బండి దగ్గర ఇంకా జనం. (మా రాయగడ మురీకి ఆవనూనె ఘాటు ఉంటుంది. ఇక్కడ నిమ్మకాయ ఎక్కువ. నా ఓటు మాదానికే.) దీపాలు చూడ్డానికి మాత్రం ఇది అంత గొప్ప చోటు కాదు. మనం దీపాల్లోనే నిలబడి ఉంటాం, ఊరు మన వెనక ఉంటుంది. ఫ్లడ్ లైట్లు కళ్లలో కొడుతుంటే సముద్రం నల్లటి గోడలా ఉంటుంది. కాళీ గుడి దాటి కొంచెం చీకటి ఉన్న చోటు చూసుకుని దక్షిణంగా తిరిగి కూచుంటే, డాల్ఫిన్ నోస్ కొండ నల్లగా పడుకున్న ఏనుగులా కనిపిస్తుంది. దాని మీద లైట్‌హౌస్ తిరిగి తిరిగి పలకరిస్తుంటుంది. మావాడు పలకరింపుకీ పలకరింపుకీ మధ్య అంకెలు లెక్కపెడుతూ కూచున్నాడు. అమ్మకి మోకాళ్లు నొప్పి, మెట్లూ ఎక్కుళ్లూ లేనిచోటు ఇదొక్కటే, అందుకే ఆవిడకి నచ్చింది.

రెండోరోజు కైలాసగిరి. ఇక్కడ టైమే ప్రాణం. అందరూ 'రాత్రి వ్యూ' అని ఏడున్నరకి ఎక్కుతారు. అప్పటికి ఆకాశం, సముద్రం, కొండ అన్నీ ఒకే నలుపు, మధ్యలో దీపాలు చల్లినట్టుంటాయి, ఏది ఒడ్డో ఏది వీధో తెలీదు. నవంబరులో విశాఖలో సూర్యుడు ఐదుంబావు, ఐదున్నర మధ్యే సింహాచలం కొండల వెనక్కి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఇరవై, పాతిక నిమిషాలు ఆకాశం ముదురు నీలంలో ఉంటుంది, కింద దీపాలు వెలిగిపోతాయి. చూడాల్సింది ఆ పాతిక నిమిషాలే. మేం నాలుగున్నరకే ఎక్కి, మావాణ్ణి టాయ్ ట్రైన్ ఎక్కించి, శివపార్వతుల ముందు ఫొటో తీసుకుని, దక్షిణం వైపు రెయిలింగు దగ్గర చోటు పట్టేశాం.

మొదట బీచ్ రోడ్డు వెలిగింది. ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా: జోడుగుళ్లపాలెం వైపు కొంచెం, తర్వాత మధ్యలో, ఆఖర్న దూరంగా పోర్టు దిక్కు. కొడవలి వంపులా ఒడ్డు గీత తేలింది. ఇప్పుడంతా తెల్లదీపాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి స్తంభాలు కూల్చేశాక వీధి దీపాలని ఎల్ఈడీలకి మార్చారు. "అప్పుడు పచ్చగా ఉండేదిరా, పసుపు రాసిన గడప లాగ" అంది అమ్మ. ఆవిడ చెప్పిన పసుపు పోర్టు వైపు కొంచెం మిగిలింది.

అసలు సంగతి దానికి తూర్పున జరిగింది. మేమెళ్లింది పౌర్ణమి మర్నాడు. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకే లేస్తాడు, ఆకాశంలో ఇంకా వెలుతురుంటుంది కాబట్టి పాలిపోయి ఉంటాడు. మర్నాడైతే ముప్పావుగంటో గంటో ఆలస్యం, అంటే చీకటి పడ్డాక. ఉన్నట్టుండి సముద్రం అంచున ఎర్రగా ఏదో అంటుకుంది.

"ఓలమ్మో, ఓడ కాలిపోతందేటిరా!" అని అమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

పక్కన నిలబడ్డ కుర్రకారు కూడా ఒక్క క్షణం అటే చూశారు. చంద్రుడు సగం తేలేదాకా అది చంద్రుడని నేనూ ఒప్పుకోలేదు. ఊరి దీపాలకి వీపు పెట్టి పావుగంట అటే చూశాం. విశాఖ ఒడ్డు తూర్పుముఖం కాబట్టి నీళ్లలోంచి లేచేవే ఇక్కడి సొత్తు. సూర్యుడు సముద్రంలో కుంగడం చూడాలనుకునేవాళ్లు గోవాకి టికెట్టు తీసుకోవాలి.

దిగేటప్పుడు మాత్రం ఆటోలవాళ్లు ఎంతంటే అంత. ఎక్కేటప్పుడే రానూపోనూ, ఆగినదానితో సహా మాట్లాడేసుకోండి. మేం మాట్లాడుకోలేదు. అమ్మని నడిపించలేక, వచ్చినదానికి రెట్టింపు ఇచ్చుకున్నాం.

మూడోరోజు అమ్మ, మా ఆవిడ గాజువాకలో మా బావమరిది ఇంట్లో ఉండిపోయారు. అతను ఓడల రిపేర్ల దగ్గర కాంట్రాక్టు వెల్డరు. "ఏటి బావా, దీపాలు సూడ్డానికి ఇంత దూరం వచ్చీసినారేటి? మాకు రోజూ కళ్లు మండిపోతన్నాయి దీపాలతోటి" అని నవ్వాడు. అయినా పని మానుకుని మమ్మల్ని పాతబస్తీకి తీసుకెళ్లాడు. అక్కడ మూడు కొండలు ఆనుకుని ఉంటాయి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. చర్చి ఉన్నది రాస్ హిల్. 1864లో రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్నాడట, ఆ పేరే ఉండిపోయింది. కైలాసగిరితో పోలిస్తే ఇది మరుగుజ్జు. కానీ కళ్ల ఎదుటే పోర్టులోకి ఓడలొచ్చే సన్నటి నీటిదారి, అవతల ఒడ్డున డాల్ఫిన్ నోస్. గుడి, ప్రార్థనల చోటు కాబట్టి దీపాలు పెట్టే వేళ చూసుకుని, నెమ్మదిగా నిలబడి, చీకటి ముదిరేలోపు దిగిపోవడం మర్యాద.

మేమున్నప్పుడే ఒక సరుకుల ఓడ లోపలికొచ్చింది. ముందూ వెనకా దాన్ని నడిపించే టగ్గు పడవలు. ఇళ్ల మధ్యలోంచి ఇంకో వీధి దానంతటదే నడిచొస్తున్నట్టుంది. మావాడు "మావయ్యా, ఆ ఎర్రలైటు ఎందుకు?" అన్నాడు. బావమరిది గోడ మీద కూచోబెట్టి పాఠం చెప్పాడు. నడిచే ఓడకి ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ. నీకు ఎరుపు కనపడిందంటే దాని ఎడమ పక్క నీకేసి ఉన్నట్టు. రెండూ కనపడ్డాయంటే నీ మీదికే వస్తోందన్నమాట. లంగరేసి ఆగిన ఓడకి తెల్లదీపాలే ఉంటాయి. వంద మీటర్లు, అంతకి మించిన ఓడైతే ఆగినప్పుడు డెక్కు మీద కూడా లైట్లు వెలిగించాల్సిందే, అది అన్ని దేశాలకీ ఒకే రూలు. బీచ్ నుంచి చూసినప్పుడు దూరంగా పెళ్లిపందిళ్లలా కనపడినవి ఏమిటో అప్పుడర్థమైంది. అంతకుముందు మావాడు వాటిని ద్వీపాలనుకున్నాడు, నేను సరిదిద్దలేదు, ఎందుకంటే నాకూ తెలీదు. అప్పట్నుంచి వాడు దీపాలు చూడ్డం మానేసి 'అది ఆగింది, అది నడుస్తోంది' అని చదవడం మొదలెట్టాడు. డిసెంబరు 4 నేవీ డే రోజుల్లో యుద్ధనౌకలకి చివర్నుంచి చివరికి బల్బుల తోరణాలు కడతారు. ఆ వారం కుదిరితే ఇంకా మంచిది. ప్రధాన ప్రదర్శన మాత్రం ప్రతి ఏడూ ఇక్కడే ఉండటం లేదు, 2024లో మా పూరీకి వచ్చింది.

అక్కణ్ణుంచి సింధియా మీదుగా యారాడ కొండ. నన్నడిగితే విశాఖకి ఇదే అసలైన చూపు. కైలాసగిరి నుంచి ఊరి పక్కమొహం కనపడితే ఇక్కణ్ణుంచి ఎదురుమొహం కనపడుతుంది. ముందు పోర్టు, క్రేన్లు, నీళ్లు, ఒక పక్క రిఫైనరీ గొట్టం మీద ఆరని మంట, వాటి వెనక మెట్లుమెట్లుగా ఊరంతా, ఆ వెనక కొండలు. మధ్యలో పోర్టు నీళ్లున్నాయి కాబట్టే ఇంత అందం, ప్రతి దీపం నీళ్లలోకి ఒక గీత దించుతుంది. మా నాగావళి దొప్పలకీ అదే కిటుకు: నది లేకపోతే అవి వట్టి ప్రమిదలు. కానీ చీకటి పడ్డాక ఘాట్ రోడ్డెక్కడానికి ఆటోలు అంత తేలిగ్గా రావు, సొంత బండో తెలిసినవాడో ఉండాలి. మలుపుల్లో ఆగొద్దు. చుట్టుపక్కల నేవీ స్థలాలు, బోర్డు ఉన్నచోట ఫోను జేబులోనే ఉంచండి. ఆడవాళ్లతో, ముసలివాళ్లతో అయితే వెలుతురుండగానే ఎక్కి, దీపాలు వెలగ్గానే దిగిపోండి.

మిగతావి టూకీగా. ఋషికొండలో పగలు బాగుంటుంది, రాత్రికి ఊరు దూరమైపోతుంది. మేడ మీది హోటళ్లలో ఒకదానికి వెళ్లాం. అద్దాల గోడలో ఊరి కంటే మా మొహాలే ఎక్కువ కనపడ్డాయి, కాఫీ ధర చూసి మా ఆవిడ రెండే చెప్పింది. సింహాచలం కొండ నుంచి గోపాలపట్నం దిక్కు దీపాలు బాగానే ఉంటాయి గానీ, సింహాచలాన్ని రాత్రి చూడాలంటే ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలయ్యే గిరి ప్రదక్షిణకి రండి. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారు, దారిలో అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం. రాత్రంతా ఊరూ మేలుకునే ఉంటుంది. నాలుగేళ్ల కిందట నేనొకసారి నడిచాను, వారం రోజులు కొట్లో స్టూలు దిగలేదు.

ఫొటోల సంగతి: చేత్తో పట్టుకుని తీసినవన్నీ వణికాయి. ఫోన్ని పిట్టగోడ మీద ఆనించి, టైమరు పెట్టి, వెలుతురు ఒక మెట్టు తగ్గించి తీసినవి నిలబడ్డాయి. వానపడి వెలిసిన సాయంత్రం దొరికితే వదలొద్దు. దుమ్ము కిందికి దిగిపోయి పోర్టు దాకా గీసినట్టు కనపడుతుంది.

యారాడ కొండ అమ్మ చూడలేదు. బండిలో వస్తూ మావాడు ఎర్రదీపం, పచ్చదీపం కథంతా చెబితే విని, పార్వతీపురం దాటాక "అయితే వచ్చే పౌర్ణమి మర్నాడు నన్నూ ఆ కొండకి తీసుకుపోరా" అంది. బావమరిదికి ఫోన్ చేసి బండి ఖాళీగా ఉంచమన్నాను. గది కూడా చూస్తున్నాను. ఈసారి అడగబోయే మొదటి ప్రశ్న: పక్కమేడ మీద ట్యాంకు ఎటువైపుందండీ?