కోరాపుట్ కొండలకు బైకు మీద: బస జయపురంలోనా, సిమిలిగుడలోనా?

దసరా దాటి వానలు తెరిపిచ్చాయంటే దక్షిణ ఒడిశాలో మా రాయగడలోనూ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టాల ఇళ్లలోనూ ఒకటే ప్రశ్న. "మావయ్యా, వలిసె పూలు పూసేశాయట. నలుగురం రెండు బళ్ల మీద కోరాపుట్ కొండలు చుట్టి వద్దామనుకుంటున్నాం, రూము ఎక్కడ తీసుకోమంటావు?" ఏ బండి మీద వెళ్లాలి, ఏ జలపాతం ముందు చూడాలి అని కూడా అడుగుతారు గానీ, వాటికి జవాబు చెప్పేవాళ్లు ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. బండి గురించి నాదీ ఒక్క ముక్క: ఈ రోడ్లకు 125 సీసీ ధారాళంగా సరిపోతుంది, బుల్లెట్ లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు.

రూము సంగతే చాలామంది చివరికి వదిలేస్తారు. ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ దిగుతారు. ఆ తర్వాత పొద్దున్నా సాయంత్రం అదే ఘాట్ ఎక్కుతూ దిగుతూ లారీల పొగ మింగుతారు.

నిజంగా ఆలోచించాల్సిన ఊళ్లు మూడు: జయపురం, కోరాపుట్, సిమిలిగుడ. సిమిలిగుడను ఆనుకునే సునాబెడ ఉంది కాబట్టి ఆ రెంటినీ ఒకటిగానే లెక్క వేస్తున్నాను. నాలుగోది మా రాయగడ. సొంతూరు కదా అని దాన్నీ పోటీలో పెట్టాను గానీ, గెలుస్తుందని మీరు ఆశ పెట్టుకోకండి.

నా మటుకు దీన్ని తేల్చేది లాడ్జి అద్దె కాదు, బిర్యానీ కాదు, పగటి వెలుతురు. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కోరాపుట్‌కి దగ్గర్లోనే పోతుంది. అంటే ఇక్కడ పన్నెండు గంటలంటే ఇంచుమించు నడినెత్తిన సూర్యుడే. డిసెంబరులో సాయంత్రం అయిదూ ఇరవై ప్రాంతానికి పొద్దు గుంకిపోతుంది. కొండ వాలులో ఉన్నారంటే అంతకు ముందే నీడ పడుతుంది. హైదరాబాదు నుంచి వచ్చే మన పిల్లలు అక్కడి అలవాటుతో ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు వెలుగుంటుందనుకుంటారు. ఉండదు. ఇక పొద్దున చూస్తే మంచు. సూర్యుడు ఆరున్నరకే వచ్చినా, చలికాలంలో ఎనిమిది, ఒక్కోరోజు తొమ్మిది దాకా ముందు బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనపడదు. హెల్మెట్ అద్దం తుడుచుకుంటూ నడపడంలో సరదా మొదటి పది నిమిషాలే.

కాబట్టి రోజుకి మీ చేతికొచ్చేది ఎనిమిది గంటలు. భోజనానికి, టీలకి, ఫోటోలకి, ఎవడో ఒకడు దారి తప్పినందుకు రెండు గంటలు తీసేయండి. మిగిలిన ఆరు గంటల్లో ఘాట్ రోడ్డుకి ఎంత పోస్తారు, చూడాల్సిన చోట్లకి ఎంత మిగుల్చుకుంటారు? ఊరిని ఎంచుకోవడమంటే ఇదే.

జయపురం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువమంది దిగేది అక్కడే. తప్పు పట్టలేం. లాడ్జీలు బోలెడు, అన్ని ధరల్లోనూ ఉంటాయి. రాత్రి తొమ్మిదికి కూడా వేడి అన్నం దొరుకుతుంది. బండికి ఏదైనా అయితే మెకానిక్కూ, స్పేరు పార్టూ దొరికే అవకాశం ఈ మూడు ఊళ్లలో ఇక్కడే ఎక్కువ. బజారులో తెలుగు మాట్లాడితే తెలుగులోనే జవాబొస్తుంది. అది ఈనాటి చుట్టరికం కాదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవాడు. విశాఖలోని ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

ఇన్ని ఉన్నా జయపురం కొండ కింద ఉంది. ఊరి ఎత్తు 660 మీటర్లు, కోరాపుట్ ఎత్తు 870. మధ్య దూరం ఇరవై చిల్లర కిలోమీటర్లే గానీ, అందులో ఎక్కువ భాగం మలుపులే. పైగా అది 26వ నంబరు జాతీయ రహదారి. విశాఖ నుంచి రాయపూర్ వైపు పోయే సరుకు లారీలకు ఇదే దారి. ఒక లారీ రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే, దాని వెనక ఇంకో నాలుగు, వాటి వెనక మీరు. మలుపు దగ్గర ఓవర్‌టేక్ చెయ్యకూడదని అందరికీ తెలుసు. చీకటి పడుతోంది, ఆకలేస్తోంది, స్నేహితుడు ముందు వెళ్లిపోయాడు, అప్పుడే ఆ తెలివి గాల్లో కలిసిపోతుంది. కొండ పైనున్న దేవ్‌మాలి శిఖరం, నందపూర్ వైపు చూడాలనుకునేవాడు జయపురంలో బస చేశాడంటే, రోజూ పొద్దున మంచులో ఈ ఘాట్ ఎక్కి, సాయంత్రం చీకట్లో దిగాలి. నాకు నచ్చని బేరం ఇది.

అయితే గుప్తేశ్వరం వెళ్లాలంటే లెక్క తిరగబడుతుంది. అది జయపురానికి పడమటగా, ఛత్తీస్‌గఢ్ హద్దు దగ్గర. గుగ్గిలం చెట్ల అడవిలోంచి దారి, గుహలో శివలింగం, పక్కనే కొలాబ్ నది. అదే నది కిందికి వెళ్లి శబరి పేరుతో మన గోదావరిలో కలుస్తుంది. దానికి జయపురం తప్ప ఇంకో ఊరు ఆలోచించనే వద్దు. శివరాత్రి రోజుల్లో మాత్రం అటు బైకు తీయకండి, జనం ఇసకేస్తే రాలరు. మల్కన్‌గిరి వైపు దిగేవాళ్లకీ జయపురమే మజిలీ. చిత్రకొండ దగ్గర గురుప్రియ వంతెన 2018లో తెరిచాక అటు ఆసక్తి పెరిగింది గానీ, అది విడిగా పెట్టుకోవాల్సిన యాత్ర.

ఇప్పుడు సిమిలిగుడ. ముందు ఒక హెచ్చరిక: ఫోను మ్యాపులో ఈ పేరు కొట్టేటప్పుడు కళ్లు తెరుచుకోండి. ఇదే పేరుతో అరకు దగ్గర ఒక రైల్వే స్టేషను కూడా ఉంది, కొత్తవలస కిరండూల్ లైనులో, 996 మీటర్ల ఎత్తున. ఆ స్టేషను ఆంధ్రాలో ఉంది, మీకు కావాల్సిన ఊరు ఒడిశాలో సునాబెడ పక్కన ఉంది.

ఈ ఊరికి ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం, పీఠభూమి మీదే ఉండటం. ఘాట్ ఎక్కడం మొదటి రోజుతో అయిపోయింది. మళ్లీ ఇంటికి బయల్దేరేదాకా దిగే పని లేదు. ఒక దిక్కున దేవ్‌మాలి, ఇంకో దిక్కున నందపూర్, రాణీ డుడుమ, ఆపైన లమతాపుట్, డుడుమ జలపాతం, మాచ్‌ఖండ్. సాయంత్రం ఆలస్యమైనా, చివరి గంట ప్రయాణం పొలాల మధ్య ఎత్తుపల్లాల రోడ్డు మీదే, అగాధాల పక్కన కాదు. నన్ను ఇటు లాగింది ఆ చివరి గంటే.

దేవ్‌మాలి గురించి కొంచెం చెప్పాలి. ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో ఇంతకు మించిన శిఖరం లేదు. పైన చెట్టూ చేమా లేని గడ్డి బోడులు, గాలి మనిషిని నిలబడనివ్వదు. రోడ్డు దాదాపు పైదాకా పోతుంది కాబట్టి నడక బాధ లేదు. మన కుర్రాళ్లకి అక్కడ సూర్యోదయం పిచ్చి పట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా, మంచులో, తెలియని మలుపుల్లో బండి తోలుకుంటూ పోవాలని. సిమిలిగుడ నుంచైతే అది కష్టం. జయపురం నుంచైతే మూర్ఖత్వం. నన్నడిగితే ఎనిమిది దాటాక బయల్దేరండి. లోయల్లో మబ్బు చాలాసార్లు అప్పటికీ పరుచుకునే ఉంటుంది, పైగా రోడ్డు కనపడుతుంది.

నందపూర్ వైపు దారి ఈ యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టం. జయపురం రాజులకు అంతకు ముందు రాజధాని నందపూరే. ముప్పై రెండు మెట్ల సింహాసనం అని చెప్పే రాళ్ల గద్దె ఇంకా ఉంది. నవంబరులో ఈ దారి పొడుగునా పసుపు పోసినట్టు వలిసె చేలు, మధ్యలో కోసి కుప్పేసిన చోడి. పెట్రోలు సిమిలిగుడలోనే ట్యాంకు నిండా కొట్టించండి. లమతాపుట్ దాటాక బంకు కోసం కాదు కదా, ఫోను సిగ్నలు కోసం కూడా వెతుక్కోవాల్సి వస్తుంది. మ్యాపు ముందే దించుకుని పెట్టుకోవాలి. దారి అడగడానికి తెలుగు ఇక్కడ అన్నిచోట్లా పారదు, దేసియా అనే ఇక్కడి ఒడియా యాస నాలుగు ముక్కలు వస్తే నడుస్తుంది. డుడుమ దగ్గర దూకే మాచ్‌ఖండ్ నదే కిందికి వెళ్లి మనకు తెలిసిన సీలేరు. దాని మీద కట్టిన మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. ఒనకడిల్లి సంత గురువారం. బోండా గిరిజనులు కొండ దిగి వచ్చేది ఆ రోజే. వాళ్లు తమ సరుకు అమ్ముకోవడానికి వస్తారు, మనకు బొమ్మలుగా నిలబడటానికి కాదు. ఫోను జేబులోనే ఉంచండి. సంతకి జయపురం నుంచి కూడా చాలామంది పోతారు, అది కాదనను.

సిమిలిగుడలో లోపాలూ ఉన్నాయి. లాడ్జీలు తక్కువ. డిసెంబరు ఆఖరి వారానికీ, సంక్రాంతికీ ముందుగానే ఫోను చేసి చెప్పుకోకపోతే దొరకవు. రాత్రి ఎనిమిదిన్నరకే హోటళ్లు గిన్నెలు కడిగేస్తాయి. చలి గట్టిది, రెండో దుప్పటి అడిగి తీసుకోవాలి. మరీ ఇబ్బందైతే సునాబెడకి వెళ్లండి. మిగ్ విమానాల ఇంజన్లు తయారు చేసే హెచ్‌ఏఎల్ కాలనీ ఉన్న ఊరు కాబట్టి కొంచెం కళగా ఉంటుంది, ఇడ్లీ దొరుకుతుంది.

కోరాపుట్ మధ్యేమార్గం. దానికి ఉన్న మంచీ చెడూ అదే. ఘాట్ పైన ఉంది, రైల్వే జంక్షను ఉంది, జగన్నాథుడి గుడి, ఆ పక్కనే గిరిజన మ్యూజియం, దగ్గర్లో కొలాబ్ డ్యాము. బరంపురం నుంచి హీరాఖండ్ రైలు ఎక్కి వచ్చేవాళ్లకి, పెళ్లాం పిల్లలతో స్కూటీ మీద నెమ్మదిగా తిరిగేవాళ్లకి ఇదే నయం. బండిని రైల్లో పార్సిల్ వేసేవాళ్లు ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలని మర్చిపోకండి, దిగిన స్టేషన్లో సీసా పెట్రోలు కోసం పరుగెత్తాల్సి వస్తుంది.

ఇక రాయగడ. మజ్జిగౌరి అమ్మవారికి దణ్ణం పెట్టి బయల్దేరడానికి ఇంతకన్నా మంచి ఊరు లేదు, బస చెయ్యడానికి ఇంతకన్నా పనికిరాని ఊరూ లేదు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ నూరు కిలోమీటర్ల పైమాటే. పోయి వచ్చేసరికి రోజు అయిపోతుంది. అరకు సంగతి కూడా అడుగుతారు. వారాంతంలో అక్కడి కార్ల వరస చూశాక మళ్లీ అడగరు.

మా మేనల్లుడికి నేను చెప్పింది ఇది. బుధవారం పొద్దున రాయగడలో బయల్దేరి, లక్ష్మీపూర్, కోరాపుట్ మీదుగా వెలుగుండగానే సిమిలిగుడ చేరండి. గురువారం నందపూర్, ఒనకడిల్లి సంత, డుడుమ. లమతాపుట్ నుంచి మూడింటికల్లా వెనక్కి తిరగండి. శుక్రవారం మంచు తేలాక దేవ్‌మాలి, తర్వాత కుందులి సంత, అది శుక్రవారమే. సుంకి ఘాట్ మధ్యాహ్నం ఎండలో దిగితే సాలూరు, పార్వతీపురం మీదుగా ఇల్లు. ఎక్కిన ఘాట్ వేరు, దిగిన ఘాట్ వేరు, రెండూ ఒక్కొక్కసారే. వారం మధ్యలో కాబట్టి రూముకి బేరమాడొచ్చు కూడా. గుప్తేశ్వరం కూడా కావాలంటే శుక్రవారం సుంకి వైపు తిరక్కుండా జయపురం దిగి, ఒక్క రాత్రి అక్కడ పడుకుని, శనివారం పొద్దున్నే అడవి దారి పట్టండి.