మెక్సికో సిటీ ఆంత్రోపాలజీ మ్యూజియం: షోచిపిల్లి కోసమైనా వెళ్లి చూడండి

మ్యూజియానికి ఐదుకి ఐదు. గేటు బయట మేం మాట్లాడుకున్న గైడుకి మాత్రం రెండే. ఈ తేడా ఎక్కడొచ్చిందంటే మత్తెక్కించే పుట్టగొడుగుల దగ్గర. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా గ్వాదలహారాలో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ముగ్గురం కలిసి మెక్సికో సిటీ వచ్చాం. చపుల్తెపెక్ పార్కులో ఉన్న ఈ మ్యూజియాన్ని 1964లో తెరిచారు. మధ్య ప్రాంగణంలో ఒకే ఒక్క స్తంభం మోస్తున్న పెద్ద కప్పు, దాని మీంచి వానలా కిందికి పడే నీళ్లు చూసి తీరాలి. జనమంతా మెషికా (అంటే ఆజ్టెక్) హాల్లో సూర్యశిల అనే పెద్ద గుండ్రటి చెక్కడపు రాయి చుట్టూ మూగుతారు. మీరు అక్కడ ఫొటో దిగి, అదే హాల్లో ఉన్న షోచిపిల్లి రాతి విగ్రహం దగ్గరికి వెళ్లండి.

పూలకీ, పాటకీ, ఆటకీ దేవుడు ఈయన. పోపొకాటెపెట్ల్ అగ్నిపర్వతానికి దగ్గర్లోని త్లాల్మనాల్కోలో, 19వ శతాబ్దంలో దొరికాడు. పీఠం మీద కాళ్లు మడిచి కూర్చుని, తల పైకెత్తి, నోరు తెరిచి ఎటో చూస్తుంటాడు. ముఖానికి ముసుగు. చేతులు దేన్నో పట్టుకున్నట్టు గుప్పిళ్లు బిగించి ఉంటాయి. తొడల మీద, కాళ్ల మీద, చేతుల మీద పూలే. అమెరికన్ పరిశోధకుడు గోర్డన్ వాసన్, హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ షుల్టెస్ ఈ పూలు ఏ మొక్కలవో పేర్లతో సహా చెప్పారు. ఒకటి పొగాకు, ఒకటి మన తూటికూర కుటుంబానికే చెందిన ఒలొలియుకి తీగ, ఒకటి సినికుయిచి అనే మొక్క మొగ్గ. పీఠం మీద ఉన్న గుండ్రటి చెక్కడాలు పుట్టగొడుగు తలలట, అవి కూడా ఆ అగ్నిపర్వతం వాలుల్లో మొలిచే సైలోసైబి ఆజ్టెకోరం అనే మత్తు పుట్టగొడుగు జాతివట. చెక్కడం చూసి జాతి దాకా తేల్చడం సాహసమే అనుకుంటాను. కానీ పొగాకు పువ్వు సంగతి గుంటూరు మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పక్కకి వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పీఠాన్ని నాలుగువైపులా చూశాను. గార్డు అడ్డు చెప్పలేదు, అద్దం దగ్గరికి జరిగితే మాత్రం వెనక్కి జరగమన్నాడు.

ఇక్కడిదాకా గైడు బాగానే చెప్పాడు. 16వ శతాబ్దంలో సహగున్ అనే క్రైస్తవ సన్యాసి నహువా (ఆజ్టెక్‌ల భాష మాట్లాడే జనం) పెద్దల్ని అడిగి రాయించిన సంగతులు కూడా చెప్పాడు. వర్తకుల విందుల్లో పుట్టగొడుగుల్ని తేనెతో తినేవారట. కొందరు ఆడేవారు, కొందరు ఏడ్చేవారు. ఒకరికి తాను యుద్ధంలో పట్టుబడినట్టు, ఇంకొకరికి తనని క్రూరమృగం తినేస్తున్నట్టు కనిపించేదట. మత్తు దిగాక కూర్చుని, ఎవరికేం కనిపించిందో ఒకరికొకరు చెప్పుకునేవారు. స్పెయిన్ నుంచి వచ్చిన మతగురువులకి ఇదంతా సైతాను పూజలా కనిపించింది. నిషేధించారు. దాంతో ఆచారం కొండల్లోకి వెళ్లి దాక్కుంది.

తర్వాత గొంతు తగ్గించి, దక్షిణ మెక్సికోలోని ఒహాకా రాష్ట్రం కొండల్లో "సెరెమనీ" ప్యాకేజీ ఉందన్నాడు. కారు, గది, పుట్టగొడుగులు, అన్నీ కలిపి ఒకే రేటు. అల్లుడు నావైపు తిరిగి, "అత్తయ్యా, ఊరికే చూసొద్దామా?" అన్నాడు. "వద్దు బాబూ, అది జబ్బు చేసినవాళ్ల కోసం చేసే పూజ" అన్నాను.

నిజంగా అంతే. ఒహాకాలోని హువావుత్లాలో మజతెక్ తెగకి చెందిన మరియా సబీనా అనే ఆవిడ దీన్ని రోగుల కోసం చేసేది. రాత్రిపూట, కోపాల్ ధూపం వేసి, పుట్టగొడుగుల్ని జంటలుగా తిని, చీకట్లో పాడుతూ జబ్బు ఎందుకొచ్చిందో అడిగేది. 1955లో వాసన్ అక్కడ కూర్చుని తిన్నాడు, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఆవిడ పేరు మార్చి రాసినా ఊరు తెలిసిపోయింది. విదేశీయులు గుంపులుగా వచ్చిపడ్డారు. ఊళ్లోవాళ్లకి ఆవిడ మీద కోపమొచ్చింది, ఇల్లు తగలబెట్టారు. పరదేశులు వచ్చాక పుట్టగొడుగుల్లో శక్తి పోయిందని ఆవిడే బాధపడింది. 1985లో పేదరాలిగానే పోయింది. ఇంత జరిగాక కూడా దాన్ని కారుతో, గదితో కలిపి అమ్ముతుంటే నాకు కడుపు మండిపోయింది.

పైగా అది ఆషామాషీ వ్యవహారం కాదు. ఆ పుట్టగొడుగుల్లోని మత్తు పదార్థం సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్లాక సైలోసిన్‌గా మారి, మెదడులో సెరొటోనిన్ అనే సహజ రసాయనం పనిచేసే చోట్లకి అతుక్కుంటుంది. దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. కాలం సాగిపోయినట్టు, రంగులు కదిలినట్టు ఉంటుంది. కొందరికి మాత్రం విపరీతమైన భయం, గుండెదడ. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే దాని జోలికే పోకూడదు. డిప్రెషన్‌కి దీన్ని మందుగా పరీక్షించే డాక్టర్లు కూడా పేషెంట్‌ని ముందే జల్లెడ పట్టి, పక్కనే మనిషిని కూర్చోబెడతారు. అడవిలో కోసినవైతే ఇంకో ప్రమాదం, చిన్న గోధుమరంగు పుట్టగొడుగుల్లో కాలేయాన్ని చంపేసే గలెరినా కూడా ఉంటుంది. మన దేశంలోనైతే సైలోసైబిన్ 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికొస్తుంది. కొడైకెనాల్లో అమ్మజూపేవాళ్ల మాట విని జైలు పాలవకండి, పిల్లలూ.

తెలుగువాళ్లకి ఇంకో ముక్క చెప్పాలి. మన ఋగ్వేదంలోని సోమం కూడా పుట్టగొడుగే అని 1968లో ఈ వాసనే వాదించాడు. ఎర్రటి తల మీద తెల్ల మచ్చలుండే అమానిటా మస్కారియా అన్నాడు. దాంట్లో ఉండే మత్తు మస్కిమాల్, సైలోసైబిన్ కాదు. నాకు ఆ వాదన నచ్చలేదు. రాళ్లతో దంచి, రసం పిండి, పాలు కలిపే సోమం కాడలున్న మొక్కలాగే అనిపిస్తుంది. ఇప్పటి యజ్ఞాల్లో సోమయాజులు వాడే సోమలత కూడా తీగే.

సోమవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున్నే వెళితే మెషికా హాలు ఖాళీగా దొరుకుతుంది. గైడు లేకపోయినా పర్లేదు, షోచిపిల్లి గురించి ముందే చదువుకుని వెళ్లండి. కింద హాళ్లు చూడగానే కాళ్లు నొప్పులని వచ్చేయకండి. ఇప్పటి తెగల జీవితం పై అంతస్తులో ఉంది, ఒహాకా హాలు కూడా అక్కడే.