మెరుపుల కిట్టు: మూడు ఎండాకాలాలు వాడినంక

దేవరకొండ వైపు ఒక సర్కారు బడిలో ఎనిమిదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. పిడుగుల పాఠం వస్తే బోర్డు మీద మబ్బు గీసి, ప్లస్సులు మైనస్సులు పెట్టి గట్టెక్కేవాణ్ణి. మూడేళ్ల కింద నా జేబులోంచి 1,200 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక కిట్టు తెప్పించాను. బ్యాటరీతో లోపల బెల్టు తిరిగి చార్జీ పుట్టించే కడ్డీ, ప్లాస్మా బంతి (లోపల చిన్న చిన్న మెరుపులు ఆడే గాజు గోళం), ఉన్నిగుడ్డ, బెలూన్లు, ఒక రంగుల పుస్తకం.

కడ్డీలో బెల్టు నాలుగో నెలలో తెగింది. విడిగా అమ్మరట. ప్లాస్మా బంతి ఇంకా నడుస్తోంది కానీ, పిల్లలు వేలు పెట్టి ఊదారంగు గీతలు చూసి, మురిసి, వెళ్లిపోతారు. మాడిపోయిన ట్యూబులైటును దాని దగ్గరికి తెస్తే వైరు లేకుండానే వెలుగుతుంది. ఆ ఒక్కటీ బాగుంది. ఉన్నిగుడ్డ మొదటి నెలలోనే ఎటో పోయింది.

ఉన్నిగుడ్డ పోవడమే మంచిదైంది. గొర్లు కాసే ఇంటి పిల్లగాడొకడు వాళ్ల తాత పాత గొంగడి పట్టుకొచ్చాడు. టీవీ అట్టపెట్టెలో వచ్చిన థర్మకోల్ పలకను దానితో రుద్దాం. సిల్వర్ పళ్లేనికి నడుమ ప్లాస్టిక్ గ్లాసు అతికించి, ఆ గ్లాసు పట్టుకుని పళ్లేన్ని పలక మీద పెట్టడం, పళ్లేన్ని ఒకసారి వేలితో తాకడం, పైకెత్తడం. మళ్లీ వేలు దగ్గరికి తెస్తే ‘టిక్’మని నీలిరంగు నిప్పురవ్వ. స్టోరు గదిలో తలుపులు మూసి చేస్తే కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కసారి రుద్దితే పదిసార్లయినా వస్తుంది. ఆ రవ్వ మెరుపు, ఆ ‘టిక్’ ఉరుము. అసలు మెరుపులో గాలి దాదాపు 30,000 డిగ్రీలకు వేడెక్కి ఒక్కసారిగా విచ్చుకుంటుంది, చప్పుడు దానిదే.

పొడిగాలిలో సెంటీమీటరు రవ్వ దూకాలంటే సుమారు 30,000 వోల్టులు కావాలి. మాది అర సెంటీమీటరు. లెక్క కట్టగానే ఒక అమ్మాయి లేచింది: "ఇంట్ల 230కే పాణం పోతది గద సార్, గిది 15,000 అంటున్రు, మాకేం గాలేదేంది?" కిట్టు పుస్తకంలో దీనికి జవాబు లేదు. తాటిచెట్టు మీంచి నీటిబొట్టు పడితే తల పగలదు, చెరువు కట్ట తెగితే ఊరు పోతుంది అన్నాను. వోల్టులు ఎత్తు లాంటివి, చార్జీ నీళ్ల లాంటిది, పళ్లెంలో ఉన్నది ఒక్క బొట్టే.

వానాకాలం ఇవేవీ పనిచేయవు. గాలిలో తేమ పలక మీద సన్నటి పొరలా పట్టి చార్జీని జార్చేస్తుంది. మొదటి ఏడు జూలైలో పాఠం పెట్టుకుని తరగతి ముందు పరువు పోగొట్టుకున్నాను. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా మా దిక్కు దీనికి బంగారు కాలం. తప్పదంటే పలకనూ గొంగడినీ గంటసేపు ఎండలో పెట్టాలి.

కిట్టులో లేనిది, నాకు అన్నిటికంటే నచ్చినది, చెరువు కట్ట మీద చేసినది. 300 మీటర్ల కట్ట పొడవునా ముప్పై మందిని నిలబెట్టి, నేను తువ్వాల కిందికి దించగానే అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టాలి. కట్ట చివర ఉన్నవాడికి అది ‘పటపటపట’మని దాదాపు సెకను సేపు సాగింది. తర్వాత అందరినీ గుండ్రంగా నిలబెట్టి కొట్టిస్తే నడుమ ఉన్నవాడికి ఒక్కటే ‘ఫట్’. మెరుపు కిలోమీటర్ల పొడవుంటుంది కదా, దాని దగ్గరి కొస చప్పుడు ముందు, దూరపు కొసది వెనక వస్తాయి. ఉరుము దొర్లినట్టు ఎందుకుంటుందో నేను చెప్పకముందే ఇద్దరు చెప్పేశారు.

నా తప్పు కూడా రాయాలి. మెరుపు, ఉరుము నడుమ సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయని నేర్పాను. మే నెలలో ఒకనాడు సాయంత్రం గాలిదుమారం లేస్తే నలుగురు లెక్కపెట్టడానికి డాబా ఎక్కారట! ఉరుము వినబడిందంటేనే పిడుగు అందేంత దగ్గర ఉన్నట్టు అని ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు లెక్క గది లోపలే, కిటికీకి ఎడంగా. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి పోవద్దు. "అర్జునా, ఫల్గుణా" అనుకోవడానికి అడ్డేమీ లేదు, ఇంట్లో కూర్చుని అనుకోండి అంటాను.

కిట్టు పుస్తకం మీద నా పెద్ద కోపం ఇక్కడే. మెరుపు కూడా కరెంటేనని చూపడానికి అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ 1752లో ఉరుముల మబ్బు కింద గాలిపటం ఎగరేసిన బొమ్మ నిండు పేజీ వేశారు, చేయొద్దన్న మాట ఒక్కటి లేదు. మరుసటేడే రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి ప్రయోగంలోనే పిడుగు తగిలి చనిపోయాడు. ఆ పేజీ చింపేశాను.

గొంగడి తెచ్చిన పిల్లగాడు తాతకు చెప్పాడట, వానలో మందను చెట్టు కింద నిలపొద్దని. పిడుగు చెట్టు మీద పడితే కరెంటు నేలలో పాకి, గొర్ల ముందుకాళ్ల నుంచి వెనకకాళ్లకు ఎక్కుతుంది. తాత అంతా విని, "మరి ఏడ నిలపాలె బిడ్డా?" అన్నాడట. దీనికి నా దగ్గర కూడా సరైన జవాబు లేదు. ఒంటిచెట్టు వదిలి పల్లానికి దిగమనడం వరకే.

కిట్టుకు ఐదుకు రెండు. పళ్లెం, థర్మకోల్, గొంగడికి ఐదుకు ఐదు. ఒక్కటే ఇబ్బంది, ప్రయోగం బాగా కుదిరే జనవరిలోనే తాతకు చలి పెడుతుంది, గొంగడి వెనక్కి అడుగుతాడు.