నాటుకట్టా, పిండికట్టా, రాడ్డా: విరిగిన ఎముకకు ఏది మేలు?

పలాస చుట్టుపక్కల ఎండాకాలమంటే జీడిపళ్ల కాలం. ఆ రోజుల్లో నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది చెట్టు మీంచి పడ్డవాళ్లే. నేను ఫిజియోథెరపీ చేస్తాను. కట్టు ఎవరు కట్టినా, రాడ్డు ఎవరు వేసినా, విప్పిన తరవాత చాపలేని చెయ్యితోనో వంగని మోకాలితోనో నా బల్ల మీదికే వస్తారు. చక్కగా అతికినవీ చూస్తాను, పాడైనవీ చూస్తాను. అందుకే నాటువైద్యుడి మీద కోపం లేదు, ఆపరేషన్ మీద మోజూ లేదు.

మా వైపు జనం లెక్క మాత్రం తరచూ తిరగబడి ఉంటుంది. మనవడు పడితే హడలిపోయి "పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ సేయించీయాల" అంటారు. నాయనమ్మ పడితే "ఈ వయసులో కత్తేటి, కట్టు కట్టించీసి పడుకోబెట్టీయండి" అంటారు. ఎముకల సంగతి చాలావరకు దీనికి ఎదురు. పిల్లాడికి ఎక్కువసార్లు పిండికట్టు సరిపోతుంది. ముసలమ్మకే ఆపరేషన్ తొందర.

ముందు నాటుకట్టు సంగతి. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. అంత పేరు లేకపోయినా కట్టు కట్టేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, పాతగుడ్డ, వెదురు బద్దలు, ఇదీ సరంజామా. పసరు ఎముకని అతికించదు, డాక్టరు వేసే పిండీ అతికించదు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. సరైన వరసలో పెట్టి, కదలకుండా చూడడమే మన పని. ఆ కదలనివ్వకపోవడం వెదురు బద్దకీ చేతనవును. మెడకింది కాలర్ ఎముకో, పక్కటెముకో చిట్లితే, వేలెముక పక్కకి జరగకుండా బీటవారితే నాటుకట్టుతో తగ్గిపోతుంది. నిజానికి వాటిలో కొన్ని ఒట్టి జోలెకట్టుతోనూ తగ్గుతాయి. నాటువైద్యుడి మంచి పేరులో పెద్ద వాటా ఇలాంటివాటిదే.

చిక్కంతా రెండు చోట్ల. ఒకటి, లోపల ఏముందో ఆయనకి కనపడదు. ఎక్స్‌రే తీయించి చూపిస్తే చూసేవాళ్లు లేకపోలేదు గాని, వేలితో తడిమి చెప్పేవాళ్లే ఎక్కువ. రెండోది బిగింపు. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులూ వాపు పెరుగుతూనే ఉంటుంది. బయట బద్ద కదలదు, లోపల వాపు ఆగదు. మధ్యలో నలిగిపోయేవి నరమూ, రక్తనాళమూ, కండా.

రెండేళ్ల కిందట ఒక గుంటడు వచ్చాడు, ఆరేళ్లుంటాయి. జీడిచెట్టు కొమ్మ మీంచి చెయ్యి ఊతంగా పడ్డాడు. మోచెయ్యికి సరిగ్గా పైన విరిగింది. ఆ చోటు ఎక్కువగా విరిగేది ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లోనే. సాయంత్రమే బద్దలు వేసి గట్టిగా బిగించారు. రాత్రంతా ఏడిచాడట. "ఇరిగిన సెయ్యి కదా, నొప్పి ఉండదేటి" అనుకున్నారు. తెల్లారేసరికి ఏడుపు తగ్గింది, వేళ్లు చల్లబడ్డాయి. నొప్పి తగ్గిందని అమ్మమ్మ సంతోషించింది. తగ్గింది నొప్పి కాదు, నరం చచ్చుపడింది. నా దగ్గరికి వచ్చేసరికి మణికట్టు లోపలికి వంగి, వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుని ఉన్నాయి. దీన్ని 1881లోనే ఫోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ వర్ణించాడు. ఇప్పటికీ ఆయన పేరే. కండకి రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే చావడం మొదలవుతుంది. ఒక రాత్రి చాలు.

అదే విరుపుకి ఆసుపత్రిలో ఏం చేస్తారంటే, మత్తిచ్చి, బయటి నుంచే సరిచేసి, కోత లేకుండా రెండు మూడు సన్నటి స్టీలు పుల్లలు చర్మంలోంచి గుచ్చి నిలబెడతారు. మూడు నాలుగు వారాలకి లాగేస్తారు. ఎముక జరగకపోతే అదీ అక్కర్లేదు, పిండికట్టే. కాబట్టి పిల్లాడి మోచెయ్యి వాస్తే నాటుకట్టు మాటే ఎత్తొద్దు. ఇక్కడ నా తీర్పులో రెండో అభిప్రాయానికి చోటు లేదు. ఇంకొకటి కూడా పట్టుకోండి: కట్టు విప్పాక బిగుసుకున్న మోచెయ్యికి నూనె రాసి మాలీషు చేయించకండి, బలవంతంగా చాపకండి. కండలో కొత్త ఎముక పుట్టి కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. పిల్లాడు ఆడుకుంటూ తనంతట తాను చాపుకోవాలి. నా ఫీజు తగ్గినా ఇదే చెబుతాను.

పిండికట్టు దేవుడిచ్చిన వరమేమీ కాదు. దాన్ని బిగించి కట్టినా ఇదే గతి. అందుకే మంచి డాక్టరు మొదట సగం కట్టు వేసి, వాపు తీశాకే చుట్టూ వేస్తాడు. వేళ్లు బయటికి కనపడాలి. అవి నల్లబడినా, తెల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా, వేలు చాపితే పిల్లాడు గిలగిల్లాడినా, రాత్రి పన్నెండైనా వెనక్కి వెళ్లాలి. ఫైబరు కట్టా, తెల్ల పిండా అని చాలామంది అడుగుతారు. ఫైబరు తేలిక, గట్టిది, ఖరీదు. అతకడంలో తేడా లేదు. ఏదైనా దురదకి చీపురుపుల్ల దూర్చకూడదు.

పిల్లలకి పిండికట్టు ఎందుకు చాలంటే, వాళ్ల ఎముక పచ్చికొమ్మ. ఎండుకట్టె ఫట్‌మని రెండు ముక్కలవుతుంది, పచ్చికొమ్మ ఒక పక్క చీలి రెండో పక్క వంగుతుంది. పైన ఉండే పొర మందంగా ఉండి ముక్కల్ని పట్టి ఉంచుతుంది. ముంజేతి ఎముక పిల్లలకి నాలుగు నుంచి ఆరు వారాల్లో అతుక్కుంటుంది. పదేళ్లలోపు వాళ్లకి మణికట్టు దగ్గర కొంచెం వంకరగా అతికినా, ఎదుగుదలతోపాటు ఆ వంకర చక్కబడుతుంది. మెలి తిరిగి అతికితే మాత్రం చక్కబడదు. ఐదేళ్లలోపు పిల్లాడి తొడ ఎముకకి కూడా నడుం నుంచి పాదం దాకా పిండికట్టు వేస్తే చాలాసార్లు అయిపోతుంది. అంతకు పెద్దవాళ్లకి వంగే సన్నటి కడ్డీలు వేస్తారు.

భయపడాల్సింది ఎముక చివర ఉండే ఎదిగే పలకకి. అది మెత్తటిది, ఎక్స్‌రేలో గీతలాగా కనపడుతుంది గాని, దెబ్బ తగిలిందీ లేనిదీ ఒక్కోసారి తెలియదు. అది చెడితే ఆ చెయ్యో కాలో పొట్టిగానో, వంకరగానో పెరుగుతుంది. అందుకే కీలు దగ్గర దెబ్బకి నొప్పి తగ్గాక కూడా డాక్టరు మళ్లీ రమ్మంటాడు. అనవసరంగా తిప్పుతున్నాడని తిట్టుకోకండి.

ఇక పెద్దవాళ్లు. హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టడం పనికి వెళ్లి, పండక్కి వచ్చి, హైవే మీద బండి తిరగబడి ముంగాలి ఎముక విరిగిన కుర్రాళ్లు నా దగ్గర ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. వీళ్ల బేరం వేరు. పిండికట్టుతోనూ ఆ ఎముక అతుకుతుంది, కాని తొడ దాకా కట్టు, మూడు నాలుగు నెలలు, ఆ పైన మోకాలు వంగదు. రాడ్డు వేస్తే కొద్ది వారాల్లోనే కాలు మోపొచ్చు. రోజుకూలీకి ఆ తేడా చిన్నది కాదు. రాడ్డుకి ఖర్చుంది, చీము పట్టే భయం కొంచెమైనా ఉంది. అయినా ఎముక పక్కకి జరిగిన విరుపైతే రాడ్డుకే నా ఓటు. చర్మం చీలి ఎముక బయటికొస్తే అసలు ఆలోచనే లేదు, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే. పసరు అక్కడ విషం. ఆ తరవాత చుట్టా, బీడీ మానాలి. పొగ ఎముక అతకడాన్ని వెనక్కి లాగుతుంది. మన ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోపల పెట్టి తాగే అడ్డపొగ కూడా పొగే.

తుంటి ఎముక గురించి కొంచెం నిలబడి చెప్పాలి. గుల్లబారిన ఎముకకి పెద్ద దెబ్బ అక్కర్లేదు, నూతిగట్టు దగ్గర కాలు జారితే చాలు. పడుకోబెడితే ఒక కాలు పొట్టిగా కనపడుతుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది. ఒక ఇంట్లో ఇలాంటి అప్పమ్మకి బద్దలు కట్టి, కాలికి ఇటుక వేలాడదీసి నెలన్నర ఉంచారు. నన్ను పిలిచేసరికి నడుం కింద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. "ఆపరేషన్ సేస్తే తట్టుకోనేదని" అన్నాడు కొడుకు. తట్టుకోలేనిది మంచాన్ని. ముసలివాళ్లకి తుంటి విరిగితే వీలైనంత వరకు 48 గంటల్లోపు ఆపరేషన్ చేయడం మంచిదని ఎముకల డాక్టర్లు చెప్పేది ఇందుకే. రాడ్డో, సగం కీలు మార్పిడో చేస్తే మర్నాడే వాకర్ పట్టుకుని నిలబెట్టొచ్చు. గుండె, షుగర్ లాంటివి ఎక్కువగా ఉంటే మత్తు డాక్టరు మాటే ఆఖరి మాట. అప్పుడు ఆగాలి, ఇటుకతో కాదు.

ఉద్దానం వాళ్లకి ఇంకో హెచ్చరిక. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు చాలామందికి కిడ్నీ జబ్బున్న సంగతి తెలిసిందే. నాటుకట్టైనా, పిండికట్టైనా, రాడ్డైనా వెంట నొప్పిబిళ్ల వస్తుంది. మందులషాపులో చేతికిచ్చే డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చీటీ ఉంటే ముందు అదే డాక్టరు ముందు పెట్టండి. కిడ్నీ పాడైతే ఎముకా బలహీనపడుతుంది, కాబట్టి అలాంటివాళ్లకి విరుపు ఎందుకొచ్చిందో కూడా చూడాలి.

డబ్బు మాట. ఎముకల ఆపరేషన్లు చాలావాటికి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పనికొస్తుంది. ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో చేరకముందే అడగండి, చేరాక కాదు. శ్రీకాకుళం సర్వజనాసుపత్రిలోనూ, విశాఖ కేజీహెచ్‌లోనూ ఎముకల విభాగాలున్నాయి. దూరమే అసలు ఖర్చు. మందస కొండమీది ఊళ్ల నుంచి శ్రీకాకుళం రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే ఎదురింటి నాటుకట్టు గెలుస్తుంది, అది నాకు అర్థమవుతుంది. 

రాత్రిపూట ఎవరైనా పడితే 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు రెండు అట్టముక్కలో, మడతపెట్టిన పేపరో విరిగిన చోటుకి పైనా కిందా ఉన్న కీళ్లు కదలకుండా వదులుగా కట్టండి. గాజులు, ఉంగరాలు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి. కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాణ్ణి మాత్రం కూర్చోబెట్టొద్దు, పలక మీద పడుకోబెట్టి నలుగురూ ఒక్కసారే ఎత్తాలి, వెన్నుపూస సంగతి తెలియదు కదా. దారిలో ఏడుస్తున్నాడని పిల్లాడికి బిస్కట్టూ టీ పెట్టకండి. మత్తివ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి, లేదంటే ఆ వాచిన చెయ్యి ఇంకా గంటలకొద్దీ అలా కాచుకునుండాల్సిందే.