టెరెజీన్‌కి సగం పూట చాలదు

ప్రాగ్‌లో శనివారం దిగడమే మేం చేసిన మొదటి తప్పు. శనివారం యూదుల విశ్రాంతి దినం, వాళ్ళ పాత ప్రార్థనామందిరం పింకాస్ సినగాగ్ మూసేస్తారు. నెట్‌లో చూసుకోకుండా బయల్దేరి, తలుపు దాకా నడిచి వెనక్కొచ్చాం. "పోనీలే అత్తా, ముందు టెరెజీన్ చూసొద్దాం" అంది మా మేనకోడలు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు యూదుల్ని బంధించిన ఊరది. నెల్లాళ్ళు ఉండి వద్దామని జర్మనీలోని డ్రెస్డెన్‌లో మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. ఈ పిల్ల అక్కడ స్కూల్ కాయిర్‌లో పాడుతుంది. ఈ ప్రయాణం దాని పట్టుదలే.

రెండో తప్పు, హోటల్ కౌంటర్లో సగం పూట టూర్ కొనడం. టెరెజీన్ ప్రాగ్‌కి ఉత్తరాన 60 కిలోమీటర్లు. వ్యాన్‌లో తీసుకెళ్ళి చిన్న కోటలో గంటన్నర తిప్పారు. నాజీల రహస్య పోలీసులు, గెస్టపో వాళ్ళ జైలు అది. ఆస్ట్రియా యువరాజుని కాల్చి చంపిన ప్రిన్సిప్‌ని మొదటి ప్రపంచయుద్ధంలో ఉంచిన కొట్టూ అక్కడే ఉంది. చూడదగ్గదే, కాదనను. కానీ యూదుల్ని కుక్కిన ఘెట్టో అది కాదు, నదికి ఇవతల ఉన్న ఊరే ఘెట్టో. మేం వచ్చిన పని, అంటే ఖైదీల సంగీతం గురించిన గదులున్న మాగ్డెబర్గ్ బ్యారక్స్‌కి చేరేసరికి పావుగంట మిగిలింది. గైడ్ మంచివాడే, పాపం, గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

సోమవారం మేమే వెళ్ళాం. హొలేషొవిత్సే స్టేషన్ పక్క నుంచి లితొమ్యెరిజిత్సే బస్సెక్కితే గంటలో దిగిపోవచ్చు. బస కూడా ప్రాగ్ నుంచి లితొమ్యెరిజిత్సేకి మార్చాం. ఎల్బే దాటితే మూడు కిలోమీటర్లు. అందమైన పాత ఊరు. ప్రాగ్ హోటల్లో రాత్రంతా తాగుబోతుల గోల, ఇక్కడ గదిలో చిన్న స్టవ్, తలుపు తీస్తే చెట్టు. అన్నం వండుకుని తమ్ముడి భార్య ఇచ్చిన కందిపొడి కలుపుకున్నాం. శాకాహారులకి బయట దొరికేది దాదాపు వేయించిన చీజే, రెండో రోజుకే మొహం మొత్తుతుంది.

మాగ్డెబర్గ్ బ్యారక్స్‌లో అప్పటి పడకగది ఒకటి యథాతథంగా కట్టిపెట్టారు. మూడంతస్తుల చెక్కబల్లలు, సందుల్లో సూట్‌కేసులు, వేలాడుతున్న బట్టలు. పక్క గదుల్లో సంగీతం, నాటకం, బొమ్మలు. ఇక్కడే రెండు గంటలు పట్టింది. ఖైదీల్లో రఫాయెల్ షెక్టర్ అనే బృందగానం నడిపించే కండక్టర్ ఉండేవాడు. చేతిలో ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన రెక్వియెమ్ అనే బృందగానం స్వరపుస్తకం ఒక్కటే. పగలంతా చాకిరీ చేసి వచ్చినవాళ్ళని చలి నేలమాళిగలో కూర్చోబెట్టి, నూటయాభై మందికి నోటితోనే నేర్పించాడు. ఆర్కెస్ట్రా లేదు, పియానో ఒకటే. సగం మేళాన్ని రైలెక్కించి తూర్పున చావుశిబిరాలకి పంపేస్తే, కొత్తవాళ్ళని పోగేసి మళ్ళీ మొదటి నుంచి. అలా 16 సార్లు పాడారు.

నోటిపాఠం నాకు వింతగా అనిపించలేదు. చిన్నప్పుడు మా టీచరు కీర్తనలు అలాగే చెప్పేవారు, పుస్తకం తెరిస్తే మొట్టేవారు. మా పిల్ల నవ్వింది. "అది వేరు అత్తా. ఆ రెక్వియెమ్‌లో సాంక్టస్ అనే భాగంలో ఎనిమిది గొంతులు, ఒక్కో గొంతుదీ ఒక్కో దారి. మాకు కాగితం చేతిలో ఉన్నా తప్పిపోతాం." పైగా అది కాథలిక్కులు చచ్చిపోయినవారి కోసం లాటిన్‌లో చేసే ప్రార్థన. యూదులు పాడటమేంటని లోపలే కొందరు పెద్దలు తప్పుపట్టారట. అందులో పాపులకి తీర్పు చెప్పే ఉగ్రదినం ఉంది. ఆ మాట ఎదురుగా కూర్చున్న నాజీల మొహం మీద పాడొచ్చనేది షెక్టర్ లెక్క. 1944 అక్టోబర్ 16న అతన్ని ఆష్విట్జ్ చావుశిబిరానికి పంపారు. తిరిగి రాలేదు.

పిల్లలకి చదువు చెప్పడం నిషేధం, పాటలూ బొమ్మలూ మాత్రం పరవాలేదు. అందుకని ఒకణ్ణి కాపలా పెట్టి లెక్కలు చెప్పేవారు, ఎవరైనా వస్తే పాట అందుకునేవారు. హన్స్ క్రాసా పిల్లల ఒపెరా 'బ్రుండిబార్' ఇక్కడ 55 సార్లు ఆడారు. ఆటకీ ఆటకీ మధ్య పిల్లలు మారిపోతూనే ఉండేవారు.

ఘెట్టో మ్యూజియం ఉన్న భవనం అప్పటి మగపిల్లల వసతి, నంబరు ఎల్ 417. 'వెడెమ్' అనే చేతిరాత వారపత్రిక అక్కడే పుట్టింది. సంపాదకుడు పీటర్ గింజ్‌కి అప్పుడు 14 ఏళ్ళు, 16కి ఆష్విట్జ్‌లో చంపేశారు. చంద్రుడి మీద నించుంటే భూమి ఎలా కనిపిస్తుందో వాడో బొమ్మ గీశాడు. దాని నకలు పట్టుకుని ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ కొలంబియాలో వెళ్ళాడు, మన కల్పనా చావ్లా ఎక్కిన షటిల్‌లోనే. అది కూలిన 2003 ఫిబ్రవరి 1, పీటర్ పుట్టిన తేదీ. ఆ రోజు టీవీ ముందు నేనూ ఏడ్చాను. ఈ బొమ్మ సంగతి మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఒక పెరట్లో రహస్య ప్రార్థనాగది ఉంది, అడిగితే చూపిస్తారు, తప్పించుకోకండి. చాలా చిన్న గది. గోడ మీద రంగు వెలిసిన హీబ్రూ అక్షరాలు: ఇంత జరిగినా నీ నామం మరువలేదు, మమ్మల్ని మరువకు.

మంగళవారం బొహుషొవిత్సే స్టేషన్ దాకా రెండున్నర కిలోమీటర్లు నడిచి ప్రాగ్ రైలెక్కాం. 1943 జూన్‌లో ఊళ్ళోకి పట్టాలు వేసేదాకా ఖైదీలు సామాన్లు మోసుకుంటూ ఇదే దూరం అటునుంచి ఇటు నడిచారు. నా చక్రాల పెట్టె గతుకుల్లో పడుతూ లేస్తూ వచ్చింది.

పింకాస్‌కి తలుపు తీసే వేళకే వెళ్ళండి, పదకొండు దాటితే తోపులాట. కింద గోడలన్నీ చనిపోయినవారి పేర్లే, 80 వేలకి దగ్గర. పై అంతస్తులో పిల్లల బొమ్మలు. ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి దొరికిన కాగితమల్లా పోగేసి వాళ్ళకి నేర్పింది. తనని ఆష్విట్జ్ పంపేముందు దాదాపు 4,500 బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో మిగిలాయి. తన బొమ్మల మీద తను సంతకం పెట్టేది కాదు, పిల్లల చేత మాత్రం తప్పకుండా పేరు రాయించేది. ఎవరి బొమ్మో ఇవాళ తెలుస్తోందంటే అందుకే.

ఒక పూలతోట బొమ్మ దగ్గర మా పిల్ల ఆగింది. మూల పెన్సిల్‌తో పేరు, పక్కన ఎల్ 410. అది ఆడపిల్లల వసతి నంబరు, చర్చి పక్క భవనం. సోమవారం మధ్యాహ్నం దాని ఎదురు బెంచీ మీదే కూర్చుని మేం అరటిపళ్ళు తిన్నాం.